మ్యూట్‌లో నానమ్మ

"ఒరేయ్ నాన్నా, పప్పన్నం చల్లారిపోతోందిరా! ఎన్నిసార్లు పిలవాలి?"

అమ్మ అలా కేకేసిన సాయంత్రం నుంచే మా పన్నెండేళ్ళవాడు హెడ్‌సెట్‌లో మైకు కట్టేయడం మొదలుపెట్టాడు. అవతల ఆటలో నలుగురైదుగురు స్నేహితులున్నారు. వాళ్ళలో ఒకడు నానమ్మ మాటని యాసతో సహా అనుకరించాడట, మిగతావాళ్ళు నవ్వారట. ఈ సంగతి వాడు నాతో అనలేదు. రెండు వారాలు పోయాక వాళ్ళమ్మ రాబట్టింది.

మేముండేది షికాగోకి పడమరగా, అరోరాలో. అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది. బాలాజీ గుడికి వెళ్ళిన రోజు తప్ప ఆవిడకి ఇంట్లో మనవడే లోకం. ఆ మనవడి మొహానికేమో అరకిలో పెట్టె. కళ్ళకి కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనిపించే వీఆర్ హెడ్‌సెట్ అది, పేరు క్వెస్ట్ 3, బరువు అక్షరాలా 515 గ్రాములు. పది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి తల్లిదండ్రుల అనుమతితో ఖాతా తెరుచుకునే వీలు 2023లో వచ్చింది కాబట్టి, నేనే కొనిపెట్టాను, నేనే రూల్సూ పెట్టాను. రోజుకి అరగంట. తెలియనివాళ్ళతో మాటల్లేవు. హోంవర్క్ తర్వాతే. అన్నీ ఆలోచించాననుకున్నాను.

"వాడేం చూస్తున్నాడ్రా?" అని అడిగింది అమ్మ ఒకరోజు. నా దగ్గర జవాబు లేదు. టీవీ ముందు కూర్చున్న పిల్లాడి పక్కన మనమూ కూలబడొచ్చు. ఫోన్ చూసేవాడి భుజం మీదుగా తొంగి చూడొచ్చు. ఇక్కడ వాడు గాల్లో చేతులూపుతూ, తనలో తను నవ్వుకుంటూ ఉంటే అమ్మకి భయం వేసింది. చిన్నప్పుడు మా అరుగు మీద అష్టాచెమ్మా ఆడేది నలుగురైతే, చూసేది పదిమంది. ఆ పదిమందీ సలహాలిచ్చేవాళ్ళే. ఆడినవాళ్ళ కంటే వాళ్ళ గోలే ఎక్కువ. చూసేవాళ్ళు లేని ఆట మా ఇంటికి అదే మొదటిది.

దీనికి దారి అనుకోకుండా దొరికింది, అదీ నా పాత పిచ్చి వల్ల. 2003లో గుంటూరులో ఒక నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలిచ్చి, మెయిల్ చూసుకోవడం ఐదు నిమిషాల్లో ముగించి, మిగతా సమయమంతా విండోస్ ఎక్స్‌పీలో ఉండే స్పేస్ కేడెట్ పిన్‌బాల్ ఆడేవాణ్ణి. వాలు బల్ల మీద బంతి కిందికి జారిపోకుండా కొడుతూ స్కోరు పెంచుకునే ఆట అది. దానికి నెట్ అక్కర్లేదు, డబ్బు మాత్రం నెట్‌కే కట్టాలి. హిడెన్ టెస్ట్ అని టైప్ చేస్తే బంతిని మౌస్‌తో పట్టుకుని ఎక్కడికైనా లాగొచ్చని ఒక సీనియర్ చెప్పినప్పుడు, గుప్తనిధి దొరికినట్టు పొంగిపోయాను. తర్వాత విండోస్ విస్టా వచ్చింది, ఆ ఆట పోయింది.

బతుకుతెరువుకి వచ్చి చేరిందేమో పిన్‌బాల్ పుట్టింటికి. 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే బల్లకి ఫ్లిప్పర్లు, అంటే బంతిని తిరిగి పైకి కొట్టే చిన్న రెక్కలు, పెట్టింది ఈ షికాగోలోనే. అంతకుముందు బంతి వదిలాక చూస్తూ ఊరుకోవడమే, లేదా బల్లని కుదపడమే. బాలీ, విలియమ్స్, అన్నీ ఇక్కడివే. అవన్నీ ఇప్పుడు కంప్యూటర్లోకి వచ్చేశాయి. 2000లో మొదలైన విజువల్ పిన్‌బాల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత బల్లల్ని స్ప్రింగుతో సహా అచ్చం అలాగే తయారుచేసే పిచ్చివాళ్ళు దాని చుట్టూ ఉన్నారు. అది వీఆర్‌లోనూ నడుస్తుంది. హెడ్‌సెట్‌ని కంప్యూటర్‌కి కలపాలి, గ్రాఫిక్స్ కార్డు గట్టిదై ఉండాలి. డ్రైవర్లతో కుస్తీ పట్టడానికి రెండు వీకెండ్లు పోయాయి. మా ఆవిడ లాన్ సంగతి ఎత్తకుండా ఓపిక పట్టింది.

వీఆర్ అంటే నాకు పడదు. మొదటిసారి రోలర్ కోస్టర్ పెట్టుకుంటే కడుపులో తిప్పేసింది. కళ్ళు లోయలో పడుతున్నానంటాయి, చెవి లోపల ఉండే తూకం యంత్రం సోఫాలో కూర్చున్నానంటుంది. ఆ రెంటికీ పడకపోతే వచ్చేదే వాంతి. అమ్మ వెంటనే నిమ్మకాయ తెచ్చి వాసన చూడమంది, శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సెక్కినప్పటిలా. పిన్‌బాల్‌తో ఆ బాధ లేదు. బల్ల ఉన్నచోటే ఉంటుంది, మనమూ ఉన్నచోటే ఉంటాం. తల కాస్త పక్కకి వంచితే ర్యాంపు కింద దాక్కున్న బంతి కనిపిస్తుంది. మామూలు తెర మీద బంతి ఎంత ఎత్తులో ఉందో ఊహించుకోవాలి. ఇక్కడ రెండు కళ్ళకీ రెండు బొమ్మలు కాబట్టి లోతు తెలిసిపోతుంది. ఎంతగా తెలుస్తుందంటే, లేని బల్ల మీద మోచేతులు ఆనించి హాయిగా ముందుకి వాలాను. టీపాయ్ మీద ఉన్న జంతికల పళ్ళెంతో సహా కింద పడ్డాను. మావాడు అంత పెద్దగా నవ్వడం చాలా రోజుల తర్వాత విన్నాను.

హెడ్‌సెట్‌లో వాడికి కనిపించేది కంప్యూటర్ తెర మీద కూడా వస్తుంది కదా. దాన్ని టీవీకి కలిపాను. అమ్మ సోఫాలో సర్దుకుని కూర్చుంది.

"ఇది గోలీలాటేగా! ఆ రెండు గరిటెలూ ఏంటి?"

ఫ్లిప్పర్లకి మా ఇంట్లో ఆ క్షణం నుంచి అదే పేరు. "ఎడం గరిటె! ఎడం గరిటెరా! అయ్యో, పోయింది." అప్పట్నుంచి నోరు మూతపడితే ఒట్టు. వాడు మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆట మధ్యలో వాడే అడగడం మొదలుపెట్టాడు, "ఇప్పుడేది నానమ్మా?" అని. ఆదివారం తెలుగు క్లాసులో ఎడమ, కుడి ఎన్నిసార్లు రాయించినా తడబడేవాడు. బంతి జారిపోతుంటే తడబడే తీరిక ఎక్కడిది?

పాత మెషీన్లు ఉన్న ఒక ఆర్కేడ్‌కి కూడా ఇద్దర్నీ తీసుకెళ్ళాను. నిజం బంతి దాదాపు 80 గ్రాముల ఉక్కు గుండు. అది తగిలినప్పుడు అరచేతుల్లోకి వచ్చే దెబ్బ హెడ్‌సెట్‌లో రాదు. అమ్మ బంతిని కాపాడుదామని రెండు చేతులా బల్లని ఒక్క కుదుపు కుదిపింది. లోపల వేలాడే గుండు దాని చుట్టూ ఉన్న రింగుకి తగిలి టిల్ట్ పడింది, అంటే కుదిపినందుకు శిక్షగా ఆ బంతి ఆట ఆగిపోయింది, దీపాలు ఆరిపోయాయి. "పాడైపోయిందా, డబ్బులు కట్టాలా?" అని నా చొక్కా పట్టుకుంది.

స్నేహితులతో ఆడే ఆటల్లో మాత్రం వాడు ఇప్పటికీ మైకు కట్టేస్తాడు. దాని గురించి నేనేమీ అనలేదు, అనే మొహం నాకు లేదు. ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, అమ్మ ఫోన్ చేస్తే ఆఫీసు మెట్ల దగ్గరికి పరిగెత్తి, గొంతు తగ్గించి మాట్లాడినవాణ్ణే.

అమ్మ వెళ్ళి మూడు నెలలైంది. శనివారం పొద్దున్న ఇక్కడ ఎనిమిదికి, తెనాలిలో సాయంత్రం ఆరున్నరకి, వాడు ఫోన్‌ని టీవీకి ఎదురుగా నిలబెట్టి వీడియో కాల్ కలుపుతాడు. అక్కడి నెట్ వేగం అందరికీ తెలిసిందే. బంతి జారిపోయి, స్కోరు కూడా వచ్చేశాక ఫోన్లోంచి కేక వినిపిస్తుంది.

"ఎడం గరిటెరా, కొట్టు!"

"కొట్టాను నానమ్మా," అంటాడు వాడు.