అక్కా నేనూ, ఊరు వెతుక్కుంటూ

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటగానే అక్క లేచి కూర్చుంది. రైలు వంతెన ఎక్కిన చప్పుడు ఆవిడకు నిద్రలో కూడా తెలిసిపోతుంది. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసి, కిటికీ ఊచల్లోంచి గోదాట్లోకి వేసి దణ్ణం పెట్టుకుంది. పెద్దవాళ్లకు రైల్లో ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేసిన తర్వాత మళ్లీ ఇవ్వలేదు కనక స్లీపర్‌లోనే వచ్చాం. ఏసీలో అయితే ఈ బిళ్ళ వేసే భాగ్యం ఉండేది కాదు.

అక్కకు 68 ఏళ్లు, నాకు 63. నేను హైదరాబాద్‌లో దూరపు ఊళ్లకు ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటర్‌గా చేరి, 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో వేలమందితో పాటు వీఆర్ఎస్ తీసుకున్నాను. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. అమ్మాయి పూణేలో ఉంటుంది. బావగారు రాజమండ్రిలో టీచరుగా రిటైరై, 2018లో పోయారు. అప్పటినుంచి అక్క హైదరాబాద్‌లో కొడుకు దగ్గరే ఉంది. వాడిప్పుడు భార్యాపిల్లలతో కెనడా వెళ్లిపోతున్నాడు. "నువ్వూ వచ్చెయ్యమ్మా" అని మనస్ఫూర్తిగానే అడిగాడు. ఆవిడే రానంది. నేనేమో నాలుగో అంతస్తులో అద్దెకుంటున్నాను, అక్కడ లిఫ్టు వారానికోసారి ఆగిపోతుంది. ఒకరోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "ఇద్దరం కలిసి ఉందామే" అంది. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్లం. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఒకే ఇంట్లో ఉంటామంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

సరే, ఎక్కడ ఉండాలి? హైదరాబాద్ శివార్లలో పెద్దవాళ్ల కోసమే కట్టిన ఒక అపార్ట్‌మెంటు చూశాం. బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు, మంచం పక్కనే పిలిచే బెల్లు, అన్నీ బాగున్నాయి. కానీ డిపాజిట్ లక్షల్లో ఉంది. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ ఏటా ఎంత పెరుగుతుందో కాగితాల్లో ఎక్కడా లేదు. అడిగితే "అది మేనేజ్‌మెంట్ చూసుకుంటుందండి" అన్నారు. నా వీఆర్ఎస్ డబ్బు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఉంది. ఈ మధ్యే పొడిగిస్తే 8.2 శాతం వడ్డీ వస్తోంది. మూణ్ణెల్లకోసారి వచ్చే ఆ వడ్డీయే నాకు ధైర్యం. దాన్ని తీసి ఆ డిపాజిట్‌లో పెట్టడానికి మనసొప్పలేదు. అందుకని డిసెంబరు మొదటి వారంలో సంచులు సర్దుకుని మా గోదావరి వైపు బయల్దేరాం.

రాజమండ్రిలో ఒక్క పూటే ఉన్నాం. నాకైతే ఆ ఊరు ఇష్టం. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఎంతసేపైనా తెలియదు. పాత హేవలాక్ వంతెన స్తంభాలు, దాని పక్కన ఆర్చీల వంతెన, కింద పడవలు కనిపిస్తాయి. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు గౌతమీ గ్రంథాలయం ఉంది. అక్కకు తెలియని సందు లేదు కూడా. కానీ బావగారు రోజూ టీ తాగే కొట్టు దగ్గరికి రాగానే అక్క ఆగిపోయింది. "ఇక్కడ వద్దే. ప్రతి వీధిలోనూ మీ బావగారే కనిపిస్తారు" అంది. నేను మళ్లీ ఎత్తలేదు.

అమలాపురం బస్సు ఎక్కాం. అక్క ఆధార్‌లో ఇంకా రాజమండ్రి అడ్రసే ఉంది. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కనక కండక్టరు ఆవిడకు సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. నా ఆధార్ హైదరాబాద్‌ది. అరవై దాటినవాళ్లకిచ్చే పాతిక శాతం తగ్గింపుతో నేను టికెట్ కొనుక్కున్నాను. రావులపాలెం దాటాక రెండు పక్కలా కొబ్బరి తోటలు మొదలయ్యాయి. అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చెట్లు ఇంకా అక్కడక్కడా అడ్డంగానే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే, నా మనసులో ముందునుంచీ ఉన్నది మా ఊరే. అమలాపురానికి ఎంతో దూరం లేదు. అమ్మానాన్నల పెంకుటిల్లు అలాగే ఉంది. ముందు ఎత్తరుగు, లోపల రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. అద్దె కట్టక్కర్లేదు, కాయా కూరా పెరట్లోనే పండుతాయి, పలకరించే మనుషులున్నారు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఇల్లు చూసుకునే పక్కింటాయన ఎదురొచ్చి, "వచ్చేయండమ్మా, మేం లేమా" అన్నాడు. వాళ్లావిడ వేడివేడి పెసరట్లు పంపింది. తోటలో మూడు చెట్లు పడిపోయాయనీ, చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవాళ్లు దొరకడం లేదనీ చెప్పాడు. నాకవేవీ పెద్ద విషయాల్లా అనిపించలేదు. అరుగు మీద కూర్చుంటే చిన్నతనమంతా వచ్చి పక్కన కూర్చున్నట్టుంది.

రాత్రి రెండింటికి అక్క లేపింది. కరెంటు లేదు. మరుగుదొడ్డి పెరడు చివర ఉంది. సెల్‌ఫోన్ లైటు నేను పట్టుకుంటే, ఆవిడ నా భుజం పట్టుకుని నడిచింది. మోకాళ్ల నొప్పులు కదా, గడప దగ్గరకొచ్చినప్పుడల్లా ఆగి, గుమ్మం పట్టుకుని, ముందు మంచి కాలు దాటించి, తర్వాత రెండోది లాక్కుంటోంది. నుయ్యి పక్కన రాళ్లు నాచు పట్టి జారుతున్నాయి. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాక, "42 అడుగులు, మూడు గడపలు" అంది. లెక్కపెట్టుకుంటూ నడిచిందని నాకు అప్పుడు తెలిసింది.

ఇక నిద్ర పట్టలేదు. అమ్మ గురించి మాట్లాడుకున్నాం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పెనుతుపాను విరుచుకుపడినప్పుడు అమ్మ ఈ ఇంట్లో ఒక్కతే ఉంది. నాన్న అప్పటికే లేరు. నేను హైదరాబాద్ ఎక్స్‌ఛేంజిలో డ్యూటీలో ఉన్నాను. మూడు రోజులు మా వైపు లైను కలవలేదు. లోకంలో అందరికీ ఫోన్లు కలిపినదాన్ని, మా అమ్మకు ఒక్కటి కలపలేకపోయాను. ఆ తర్వాతా అమ్మ ఇక్కడే ఉంది. మా దగ్గరికి రమ్మంటే రాలేదు. ఒకసారి పెరట్లోనే జారిపడి, తెల్లారి పాలబ్బాయి వచ్చేదాకా అలాగే పడి ఉంది. మాకు నాలుగు రోజుల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆ బాధ నాకు ఇవాళ్టికీ పోలేదు.

"ఇద్దరం ఉన్నన్నాళ్లూ ఏ ఊరైనా ఒకటేనే" అంది అక్క చీకట్లో. "ఒక్కరం మిగిలాక ఎక్కడ ఉండగలమో అది చూడు."

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఊరు, ఇల్లు, డబ్బు అన్నీ ఆలోచించాను గానీ, ఈ సంగతి నాకు తట్టలేదు. బహుశా తట్టనివ్వలేదేమో.

పొద్దున్నే తాళం వేసి, తాళంచెవి పక్కింటాయనకే ఇచ్చి, కాకినాడ బయల్దేరాం. ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన మీద గోదావరి పాయ గౌతమిని దాటితే యానాం. మా చిన్నప్పుడు ఇక్కడ పంటు మీద దాటేవాళ్లం. అక్క దారి పొడుగునా మౌనంగానే ఉంది. రాత్రి మాటకు నేనేమైనా నొచ్చుకున్నానేమో అని నా చెయ్యి మాత్రం వదల్లేదు.

కాకినాడను 'పెన్షనర్స్ ప్యారడైజ్' అనడం మేం చిన్నప్పటినుంచీ వింటున్నదే. మా పిన్ని కూతురు రామారావుపేటలో ఉంటుంది. వాళ్లింట్లో దిగి తిరిగితే ఆ పేరు ఊరికే రాలేదని అర్థమైంది. ఊరంతా చదును. వీధులు గీత గీసినట్టు తిన్నగా పోయి, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతుంటాయి. ఎత్తుపల్లాలు లేవు కనక మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నెమ్మదిగా నడిచెళ్లి పని చూసుకుని రావచ్చు. రంగరాయ మెడికల్ కాలేజీ 1958లోనే వచ్చింది. పెద్దాసుపత్రి ఉంది, ఏ వీధిలోకి వెళ్లినా ఒక డాక్టరు బోర్డు కనిపిస్తుంది. రైలు విషయంలో మాత్రం కాస్త ఇబ్బందే. మెయిన్ లైను సామర్లకోట మీదుగా పోతుంది కాబట్టి చాలా బళ్లకు అక్కడికే వెళ్లి ఎక్కాలి.

మా చెల్లెలు లోపాలు కూడా దాచలేదు. "వానొస్తే నీళ్లు పోవక్కా, ఊరు పల్లం. దోమలు ఎక్కువ. వేసవిలో ఉక్కపోత భరించలేం. మొన్న తుపాను ఇక్కడే దాటుతుందన్నారని రెండు రోజులు టెన్షన్‌తో చచ్చాం" అంది. భానుగుడి జంక్షన్ దగ్గర రోడ్డు దాటడం హైదరాబాద్‌లో దాటినట్టే ఉంది. ప్యారడైజ్ అన్న పేరు వచ్చిన రోజుల్లో ఇన్ని బళ్లు ఉండేవి కావు కదా.

అప్పుడు మేమిద్దరం ఒక పని చేశాం. ఒకరోజు అక్క ఒక్కతే ఊళ్లోకి వెళ్లాలి. మర్నాడు నేను ఒక్కదాన్నే వెళ్లాలి. ప్రాణం మీదికొస్తే తప్ప ఫోన్ చెయ్యకూడదు. అక్క చీటీ రాసుకుంది. షుగరు మాత్రలు, బ్యాంకులో డబ్బు తియ్యడం, కూరగాయలు, కళ్లజోడుకు స్క్రూ బిగించుకోవడం. తొమ్మిదింటికి వెళ్లింది. పదకొండయింది, పన్నెండయింది, రాలేదు. నేను గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. పావు తక్కువ ఒంటిగంటకు వచ్చింది. చెమటలు కక్కుతోంది గానీ ముఖం వెలిగిపోతోంది. వీధులన్నీ ఒక్కలాగే ఉండటంతో దారి తప్పిందట. మూల మీద ఇస్త్రీ బండి ఆయన చూసి, "మీరు ఆ పచ్చగేటు ఇంటికి వచ్చినవారు కదమ్మా" అని వెంటబెట్టుకుని వీధి మొదటిదాకా తీసుకొచ్చాడట. మేం వచ్చి రెండు రోజులే అయింది. అంతలోనే ఒక మనిషికి మా ఆనవాలు తెలుసు.

"ఇంకోటి. కోటయ్య కాజా ఒక్కటి తిన్నానే" అంది గొంతు తగ్గించి. గొట్టం కాజా కొరికితే పాకం నోట్లోకి చిమ్ముతుంది కదా, ఆ పాకం మచ్చ చీర మీద అప్పటికే కనిపిస్తోంది. షుగరు మనిషి. ఆ పూట నేనేమీ అనలేదు.

నా వంతు వచ్చిన రోజున పనులు తొందరగా ముగించుకుని ఉప్పాడ వెళ్లాను. సముద్రం కనపడే ఇంట్లో ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అక్కడ కోతకు గురైన ఇళ్లు చూశాను. ఒక ఇంటికి రెండు గోడలే మిగిలాయి. గోడకు ఉన్న గూట్లో దీపం పెట్టిన మసి ఇంకా నల్లగా ఉంది. మూడో గోడ ఉండాల్సిన చోట అలలు వచ్చి పోతున్నాయి. రోడ్డుకు అడ్డంగా వేసిన బండరాళ్లు కూడా తుపాను వచ్చినప్పుడల్లా కదిలిపోతాయని చేపలమ్మే ఆవిడ చెప్పింది. ఆవిడ పుట్టిన ఇల్లు ఇప్పుడు నీళ్లలో ఎక్కడుందో చెయ్యి చాపి చూపించింది. నా కోరిక అక్కడే వదిలేసి తిరుగు బస్సు ఎక్కాను.

ఇళ్లు చూడటం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. అద్దె గురించి కాదు. మొదటి ఇంటావిడ, "మగవాళ్లు ఎవరూ ఉండరా?" అంది. రెండో ఇంటాయన మర్యాదగానే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "ఇద్దరూ పెద్దవాళ్లే అంటున్నారు. రేపు ఏదైనా అయితే మా మీదికి వస్తుందండి" అన్నాడు. ముప్పై ఏడేళ్లు ఉద్యోగం చేసి నా కాళ్ల మీద నేను నిలబడ్డదాన్ని. ఆ మాట గుచ్చుకుంది. బయటికొచ్చాక అక్కే, "ఆయన భయం ఆయనది, పద" అని నడిపించింది.

మూడోది కింద పోర్షను. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా, నెలకు 9,500. గుమ్మం దగ్గర ఒకే మెట్టు ఉంది. పక్క వీధిలో డాక్టరు, మూల మీద మందుల షాపు. ఇంటావిడ రిటైరైన నర్సు, పైన ఉంటుంది, ఆవిడా ఒంటరిదే. మేం మాట్లాడుతుండగానే అక్క పడకగదిలోంచి బాత్రూమ్ దాకా నడిచి, తిరిగొచ్చి, నా వైపు తొమ్మిది వేళ్లు చూపించింది. బాత్రూములో కడ్డీ వేయించుకుంటామంటే ఇంటావిడ, "వేయించుకోండి, పైన నేనూ వేయించుకున్నా" అంది.

పదకొండు నెలలకే తీసుకుంటున్నాం. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక తుపానుల కాలం ఇక్కడ గడిపి చూడాలి కదా. ఊళ్లో ఇల్లు అమ్మం. సంక్రాంతికి వెళ్లి నుయ్యి పక్కన నాచు గీకించి, పెరట్లో ఒక లైటు పెట్టించాలి.

సాయంత్రం అగ్రిమెంటు కోసం ఇంటావిడ కాగితం తీసి, "ఎవరి పేరు మీద రాయమంటారు?" అని అడిగింది. నా చెయ్యి సంచిలో ఉన్న నా ఆధార్ కార్డు వైపు వెళ్లింది. అక్క అప్పటికే తన కార్డు బల్ల మీద పెట్టి, నాది కూడా తీసుకుని దాని పక్కన పెట్టి, "ఇద్దరి పేర్లూ రాయండమ్మా" అంది.