పోర్ట్స్‌మత్‌లో విల్లు, పీటర్స్‌ఫీల్డ్‌లో నారి

రీడింగ్ నుంచి పోర్ట్స్‌మత్ వెళ్లాలంటే ఆదివారం అంత దిక్కుమాలిన రోజు ఇంకోటి లేదు. ట్రాక్ పనులంటూ ఈస్ట్‌లీలో అందర్నీ దింపేసి బస్సెక్కించారు. టికెట్ మాత్రం రైలుదే, ఒక్క పెన్నీ తగ్గలేదు. ఆ డబ్బుకి విజయనగరం నుంచి హైదరాబాదుకి ఏసీలో పడుకుని వెళ్లొచ్చు. ఫేర్‌హామ్ చేరేసరికి వాన. మళ్లీ రైలు పట్టుకుని హార్బర్ స్టేషన్లో దిగి, డాక్‌యార్డ్ గేటు దగ్గర మ్యూజియం టికెట్ ధర చూసేసరికి ఉన్న కాస్త మూడ్ కూడా పోయింది.

లోపలికి వెళ్లాక ఆ విసుగు నిలవలేదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ 1545 జులై 19న ఈ ఊరి ఎదురుగానే మునిగిపోయింది. 1982 అక్టోబరులో పైకి తీశారు. అడుగున మెత్తటి బురద కప్పేసిన వైపు మాత్రం మిగిలింది. ఆ బురదే విళ్లనూ కాపాడింది. మొత్తం 172 దొరికాయి. బాణాలు మూడున్నర వేలకు పైనే. విళ్లన్నీ యూ అనే చెట్టు చెక్కవి, ఒక్కోటి ఆరడుగుల పైచిలుకు. వాటిని పూర్తిగా లాగడానికి 100 నుంచి 185 పౌండ్ల బలం కావాలని లెక్క కట్టారు. ఈ రోజు ఒలింపిక్స్‌లో మగవాళ్లు వాడేవి 50 పౌండ్లకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఈ తేడా తెలిసిన ఎవరికైనా ఆ అద్దాల ముందు కాళ్లు కదలవు. నాకూ కదల్లేదు.

కానీ అన్ని విళ్లు దొరికినా ఒక్క నారి కూడా మిగల్లేదు. చెక్క నిలిచింది, తోలు నిలిచింది, నారి కరిగిపోయింది. మరి అంత బరువు విళ్లకు ఏ నారి కట్టారు? ఎంత లావుది? దీనికి సాక్ష్యం బాణాల్లోనే ఉంది. బాణం తోక దగ్గర నారి కూర్చునే గాడి అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 3.2 మిల్లీమీటర్లు. నారి అంతకంటే లావుంటే బాణం ఎక్కదు. ఆ సన్నటి తాడే ఏకంగా నూట యాభై పౌండ్ల విల్లును ఆపాలి.

మిగతా డాక్‌యార్డ్ ఏం చూశానో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విక్టరీ నౌకను బయట నుంచే చూశాను.

మర్నాడు పీటర్స్‌ఫీల్డ్ దగ్గర ఒక పల్లెలో, ఒక పెద్దాయన పశువుల కొట్టాన్ని బాగుచేసి పెట్టుకున్న షెడ్డులో నారి పేనడం నేర్పించే క్లాసు. అసలు ఈ ప్రయాణమంతా దానికోసమే. చెక్కతో విళ్లు చెక్కే పని ఆయనకు ముప్పై ఏళ్లకు పైగా అలవాటు. నారి గురించి ముందు ఆయన చెప్పిన మాట ఇది: “విల్లు ఎంత ఖరీదైనదైనా సరే, బాణం వదిలే క్షణంలో నారి తెగిందంటే విల్లు కూడా పోతుంది.” కారణం తేలికే. వదిలినప్పుడు విల్లులోని శక్తిలో ఎక్కువ భాగం బాణం పట్టుకుపోతుంది. మిగిలినదాన్ని నారి బిగుసుకుని ఆపుతుంది. ఆపేది లేకపోతే విల్లు రెండు కొమ్మలూ (పై సగం, కింది సగం) ఆ వేగంతో ముందుకు విసిరేసుకుని చిట్లుతాయి. అందుకే లాగే బరువుకు కనీసం నాలుగింతల బలం నారికి ఉండాలంటారు.

బల్ల మీద అవిసె దారం కండె పెట్టారు. ఒక్కో పోగు దాదాపు పదిహేను పౌండ్లకు తెగుతుంది. ఆయన చేతిలో ఉన్నది 120 పౌండ్ల విల్లు. నాలుగింతలు 480. అంటే 32 పోగులు, పురిలో పోయే బలం కలుపుకుని 36. పన్నెండేసి పోగులతో మూడు పేటలు. మేకులు కొట్టిన పలక మీద దారాన్ని చుట్టి, కొసలు ఒకే చోట కాకుండా మెట్లు మెట్లుగా వచ్చేలా కోశారు. కొసలన్నీ ఒకేచోట ముగిస్తే అక్కడ హఠాత్తుగా సన్నబడి అక్కడే తెగుతుంది. తర్వాత తేనెమైనం. పేటను మైనం ముద్ద మీద లాగి, తోలు ముక్కతో వేగంగా రుద్దితే వేడికి మైనం కరిగి లోపలికి దిగుతుంది. అవిసె తడిస్తే బలం తగ్గదట, ఇంకా పెరుగుతుంది. బాగా ఎండితేనే పెళుసుబారుతుంది. మైనం వల్ల పోగులు ఒకదానితో ఒకటి అంటుకుని ఉంటాయి, రాపిడి కూడా తగ్గుతుంది.

ఆ తర్వాత ఆయన వేళ్లు కదిలిన తీరు చూసి నేను కుర్చీలోంచి లేచాను. అవతలి పేటను బొటనవేలితో అవతలికే పురి తిప్పి, మిగతా రెండింటి మీదుగా తన వైపుకు తెచ్చారు. మళ్లీ అవతల ఉన్న పేట, మళ్లీ అవతలికి పురి, మళ్లీ ఇవతలికి. పేట తిరిగేది ఒక వైపు, తాడు తిరిగేది దానికి ఎదురు వైపు. అందుకే విప్పుకోవాలని చూసేకొద్దీ ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. మా నాన్న అరుగు మీద జనుము పలుపు పేనేటప్పుడు సరిగ్గా ఇదే చేసేవాడు. దూడకి కట్టే పలుపు, నూతి చేద తాడు, ఎడ్ల పగ్గాలు, అన్నీ ఇంట్లోనే. ఎనిమిదో తరగతిలో నేను పేట అందిస్తుంటే, “పురి సమంగా ఎక్కించు, ఒక పేట వదులైతే మిగతా రెండే మోస్తాయి” అనేవాడు. హాంప్‌షైర్ షెడ్డులో ఆ పెద్దాయన కూడా ఇంగ్లీషులో అదే మాట అన్నారు.

కొంచెం పొడవు పేనాక మడిచి, కొసలను అసలు పేటల్లోకి కలిపేసి ఉచ్చు చేశారు. అది విల్లు పైకొసకు. కిందికొసన ఉచ్చు లేదు, మోకు ముడి లాంటి ముడి వేస్తారు. పొడవు సరిచేసుకోవడానికి అదే వీలు. బాణం కూర్చునే చోట సన్నటి దారంతో చుట్టు చుట్టారు. ఏజెన్సీలో వెదురు బద్దనే నారిగా కట్టిన విల్లు చూశాను. అక్కడా కొసన ముడి దగ్గరే నేర్పంతా కనిపిస్తుంది.

అంతా అయ్యాక బాణం పెట్టి చూస్తే గాడిలో పట్టీ పట్టనట్టు, బిగుతుగా. 36 పోగులకే ఈ తంటా. మరి 150 పౌండ్లకు? “ఇప్పుడు అంత బరువు విళ్లు వాడేవాళ్లలో చాలామంది డైనీమా అనే కృత్రిమ దారం కడతారు. సన్నగా ఉంటుంది, తెగదు. కానీ అది సాగదు కాబట్టి కొసలకు కొమ్ము తొడుగు లేకపోతే చెక్కను కోసేస్తుంది” అన్నారు. పాత కాలంలో పొడుగు పోగున్న హెంప్ (గంజాయి జాతి మొక్క) నారను చేత్తో వడికి, అంత సన్నగానే అంత బలం రాబట్టారు. నా దృష్టిలో ఆ నౌకలోని విళ్లకంటే గొప్ప పనితనం మనకు దొరకకుండా పోయిన ఆ దారానిదే. విల్లు చెక్కినవాడి గొప్పతనానికి గాజు పెట్టె ఉంది. దారం వడికిన వేళ్లకు కూడా అంత గౌరవం దక్కాలి.

మధ్యాహ్నం వాన తగ్గాక బయట పొలంలో ఆయన ఆ విల్లు ఎక్కుపెట్టారు. నారికీ విల్లుకీ మధ్య పిడికిలి, పైన నిలబెట్టిన బొటనవేలు పట్టేంత ఎడం. మొదటి పది పన్నెండు బాణాలకు నారి కొద్దిగా సాగింది. కింది ముడి సవరించి, పురి మరికాస్త ఎక్కించాక నిలబడింది. వదిలినప్పుడు వచ్చే చప్పుడు విలువిద్య సాధన చేసే రేంజ్‌లో వినే విల్లు చప్పుడులా టక్కున ఉండదు, గుమ్మని ఛాతీకి తగులుతుంది.

జనుము సంగతి చెబితే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. నార ఎంత పొడుగు వస్తుంది, ఎన్నాళ్లు నానబెడతారు, ఏ దశలో కోస్తారు, ఒకటే ప్రశ్నలు. రైల్లోంచే నాన్నకి ఫోన్ చేశాను.

“జనుము నారకి ఎవరేస్తున్నార్రా ఇప్పుడు? పచ్చిరొట్టకి వేసి, పూత రాగానే దమ్ములో తొక్కేస్తున్నారు” అన్నాడు. కాసేపాగి, “గట్టు పక్కన నాలుగు వరసలు కాయ పట్టేదాకా ఉంచుతాలే. చెరువులో నీళ్లుంటే నానేస్తాను. పేనడం మాత్రం నువ్వొచ్చి పేను” అన్నాడు. నేను సంక్రాంతికి టికెట్లు చూస్తున్నాను, ధరలు ఇప్పటికే మండిపోతున్నాయి.