పెట్టెకు కిటికీ

1996లో మా ఫైనలియర్ ప్రాజెక్టు డిజిటల్ థర్మామీటర్. ఎల్‌ఎం 35 సెన్సరు డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున ఇస్తే, ఐసీఎల్ 7107 అనే చిప్పు దాన్ని ఎర్ర అంకెలుగా చూపించాలి. బోర్డు రెండు రోజుల్లో పనిచేసింది. గదిలో 34 డిగ్రీలని వెలగ్గానే హాస్టలంతా వచ్చి చూసి వెళ్లింది. ఇక పెట్టెలో పెట్టడమే కదా అనుకున్నాం. ఆ పెట్టడానికి వారం పట్టింది.

సీనియర్లు సబ్బుపెట్టెల్లో కానిచ్చేవాళ్లు. మాకది నామోషీ అనిపించింది. హైదరాబాద్ ఇమ్లీబన్‌లో బస్సు దిగి, కోఠి గుజరాతీ గల్లీ దాకా నడిచి, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన నల్లటి పెట్టెలు రెండు కొనుక్కొచ్చాం. రెండెందుకని అప్పుడెవరైనా అడిగితే జవాబు లేదు. తర్వాత తెలిసింది.

అరంగుళం అంకెల డిస్ప్లేలు నాలుగు పక్కపక్కన పెడితే 50 మి.మీ. వెడల్పు, 19 మి.మీ. ఎత్తు. మూతకు అంత కిటికీ కోయాలి. నేను సోల్డరింగ్ ఐరన్ అందుకున్నాను. వెన్నలా దిగింది. చల్లారాక చూస్తే అంచు చుట్టూ పుండు కట్టినట్టు గట్టు, గదినిండా కంపు, ఐరన్ మొన మీద నల్లటి జిగురు. పోనీ స్విచ్చుకైనా సరిగ్గా రంధ్రం పెడదామని మూత తిరగేసి లోపలి వైపున గుర్తులు పెట్టాను. తీరా పైకి తిప్పితే ఎడమన ఉండాల్సింది కుడిన తేలింది. అలా మొదటి పెట్టె పోయింది.

రెండోది పట్టుకుని కాలేజీ వర్క్‌షాపులోని ఫిట్టింగ్ షాపుకి వెళ్లాం. ఫస్టియర్‌లో ఆ షాపులో ఇనుప ముక్కల్ని చదరంగా అరగదీయమంటే, ఎలక్ట్రానిక్స్ వాళ్లకి ఇదేం ఖర్మ అని గొణిగిన బ్యాచ్ మాదే. అక్కడి మాస్టారు కాలిన మూతను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏమయ్యా, కోసినవా, వండినవా?" అన్నారు.

మూత మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీయమన్నారు. టేపుంటే గీత కనబడుతుంది, డ్రిల్లు జారదు, పెట్టె ముఖం గీరుకోదు. గీతకు ఒక మిల్లీమీటరు లోపలగా 3 మి.మీ. రంధ్రాలు వరసగా పెట్టించారు. వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి బిట్టుకి చుట్టుకుంటుందని చేతి డ్రిల్లే ఇచ్చారు. కింద చెక్కముక్క ఆన్చకపోతే బిట్టు అవతలికి దూకేటప్పుడు పగులుతుందట. విరిగిన హాక్సా బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టుకుని రంధ్రాలను కలుపుతూ కోస్తే, మధ్య ముక్క టక్కున రాలింది. మిగిలింది రంపపు పళ్లలాంటి అంచు.

అక్కణ్ణుంచి ఆకురాయి పని. ప్లాస్టిక్ పొడి పళ్లలో ఇరుక్కుంటే ఫైలు కోయడం మానేసి జారుతుంది. అందుకని ముందే సుద్దముక్క రుద్దమన్నారు. ఈ కిటుకు ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు. మూలలకి మూడు పలకల ఫైలు. నాలుగు తోపులు తోయడం, డిస్ప్లే పెట్టి చూడడం, మళ్లీ తోయడం. "తీసింది అతకదు, ఉన్నది తీయొచ్చు" అంటూ మాస్టారు నా చెయ్యి పట్టి ఆపేవారు. మూడు రోజులు సాయంత్రం క్లాసులయ్యాక ఇదే.

ఆఖర్న 400, 600 నంబర్ల వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దాం. అంతటితో ఆగితే బాగుండేది. టేపు జిగురు పోవాలని మా వాడొకడు పెయింటు థిన్నర్‌తో తుడిచాడు. ఏబీఎస్‌కి థిన్నర్ పడదు. మూత మీద అరచేయంత మేర పాలిపోయి జిగటైంది. ఆరాక మళ్లీ వాటర్ పేపరే దిక్కు. మెరుపు రాలేదు గానీ మొత్తం ఒకేలా మసకబారింది. చూసినవాళ్లు కావాలనే మ్యాట్ ఫినిష్ చేశామనుకున్నారు. మేమూ కాదనలేదు.

నేంప్లేట్లు చేసే దుకాణంలో అడుక్కొచ్చిన ఎర్ర యాక్రిలిక్ ముక్కను లోపలినుంచి బిగించాం. డిస్ప్లేలో వెలగని గీతలు దాని వెనక మాయమై, అంకెలు మాత్రం నిప్పుకణికల్లా నిలబడ్డాయి. వైవాకి వచ్చిన ఎగ్జామినరు సర్క్యూట్ గురించి రెండు ప్రశ్నలడిగి, కిటికీ అంచు మీద గోరు పెట్టి చుట్టూ రాసి చూశారు. "ఎవరు కోశారు?" అన్నారు. నలుగురం ఒకేసారి చెయ్యెత్తాం.

పెట్టె ఎవరి దగ్గరుందో తెలీదు. ఆ మూడు పలకల ఫైలు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. కాలేజీకి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ కాగితం మీద స్టోర్స్ సంతకం ఎలా పడిందని అడక్కండి. మా పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి తెస్తున్నాను, ఫిట్టింగ్ షాపులో ఎక్కడ వేలాడదీయాలో నాకు గుర్తుంది.