బస్తాకి మిగిలేది ఎంత?

కాశీబుగ్గలో మాది చిన్న జీడి బట్టీ. కటింగ్‌కి ముగ్గురు, పీలింగ్‌కి నలుగురు, పప్పు ఆరబెట్టే వేడి పెట్టె, బోర్మా దగ్గర నేను. మూడేళ్లు నడిపినా నెలాఖరుకి చేతిలో పైసా ఆగేది కాదు. ఒకరాత్రి అన్నం పెడుతూ అమ్మ అడిగింది: "ఇంత కష్టపడితే ఏటి మిగిలిందిరా?" చెప్పలేకపోయాను. ఆ రాత్రే పుస్తకం తీసి కూర్చున్నాను.

మొత్తం వ్యాపారం చూస్తే తల తిరిగింది. అందుకని ఒక్క బస్తా పట్టుకున్నాను. 80 కేజీల జీడి పిక్కలు (పెంకుతో ఉన్న గింజలు) 10,500. కూలీ, కట్టెలు, ప్యాకింగ్, రవాణా కలిపి 2,600. మా లాటుకి 22 కేజీల పప్పు దిగింది. గుండు, అంటే విరగని పప్పు, 15 కేజీలు 700 చొప్పున, బద్దా ముక్కా 7 కేజీలు 520 చొప్పున, తొక్క మీద 400. వచ్చింది 14,540. అంటే బస్తాకి మిగిలేది 1,440.

నెలకి 22 బస్తాలు ఆడేవాళ్లం. షెడ్డు అద్దె 8,000, బ్యాంకు కిస్తీ 10,000, కరెంటూ చిల్లరా 3,000 పోగా పదివేల పైన మిగిలినట్టే కనిపించింది. నా జీతం మాత్రం ఎక్కడా రాయలేదు! ఇంటికి నెలకి 15,000 వాడుతున్నాం, అది గల్లాపెట్టె నుంచే పోతోంది. జీతం కూడా రాసేసరికి ఖర్చు 36,000 తేలింది. దానికి 25 బస్తాలు కావాలి. నెలనెలా నాలుగువేల పైచిలుకు నష్టంలో ఉన్నామన్నమాట. అప్పు ఎందుకు తరగడం లేదో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత లెక్క తిరగేశాను. ఖర్చుతో పాటు నెలకి పదివేలు లాభం అని ముందే రాసుకున్నాను. బస్తాలు పెంచితే 32 ఆడాలి, ఎండబెట్టడానికి అంత కళ్లం మాకు లేదు. 25తోనే రావాలంటే బస్తాకి ఇంకో 400 సంపాదించాలి.

ఆ 400 కొనేచోటే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా ఉద్దానం ప్రాంతం తోటలు కూలిపోయాక మాకు ఊరి పిక్క చాలడం లేదు, ఆఫ్రికా పిక్క కూడా కొంటున్నాం. లాటుకో రకం. ఇదివరకు రంగు చూసి, గుప్పెట్లో ఆడించి కొనేవాణ్ణి. ఇప్పుడు బస్తాల్లోంచి అక్కడో గుప్పెడు ఇక్కడో గుప్పెడు తీసి, కేజీ పిక్కలు కోయించి పప్పు తూస్తాను. 275 గ్రాములొస్తే బస్తాకి 22 కేజీలు. 250 వస్తే 20 కేజీలే. ఆ రెండు కేజీల తేడా దాదాపు 1,300 రూపాయలు, మా మిగులు చాలావరకు అందులోనే పోతుంది. బస్తా 600 తక్కువకి వస్తోందని సంబరపడి నేను ఎన్ని లాట్లు కొన్నానో!

పీలింగ్‌లో విరగకుండా తీసిన గుండుకి కేజీకి కొంత ఎక్కువిస్తున్నాను. కేజీ ముక్క గుండైతే నాకు 180 కలిసొస్తుంది, అందులో వాళ్లకీ వాటా ఉండాలి కదా. అరకేజీ ప్యాకెట్లు కూడా కట్టి అమ్ముతున్నాం. అరువు మాత్రం ఇంకా నా చేతికి చిక్కలేదు. దసరా, దీపావళికి సరుకు పట్టుకెళ్లినవాళ్లు సంక్రాంతికి గానీ డబ్బివ్వరు. మార్చిలో పిక్కలు దిగే వేళకి చేతిలో రొక్కం ఉండాలి కాబట్టి, లాభం పదివేలూ వేరే ఖాతాలో వేస్తున్నాను.

మొన్న ఒక లాటు తూస్తే 252 వచ్చింది. బేరగాడు బస్తాకి 800 తగ్గిస్తానన్నాడు. పుస్తకం చూసుకుని, 1,200 తగ్గిస్తేనే దింపమన్నాను. లారీ వెళ్లిపోయింది. రెండ్రోజులకి ఇంకోచోట 271 దొరికింది.