మావు ఇంకా ఆరలేదు

“అమ్మా, ఇది ఇంకా ఆరలేదు. నేను వెయ్యనివ్వను.”

పోయిన ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం, చెరువు గట్టు మీద పదిమంది చూస్తుండగా మా అమ్మాయి అన్న మాట ఇది. అనడంతో ఆగలేదు. నేను పదిహేను రోజులు కూర్చుని చేసిన చెక్క మావు, అదే నీళ్ళలో వేసి చేపలు పట్టే బుట్ట, దాని మీద ఎక్కి కూర్చుంది. దానికి పదేళ్ళు.

నాకు కోపం ఆగలేదు. “లే అక్కణ్ణించి. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని ఎన్నిసార్లు చెప్పాను?” అన్నాను. అదీ స్వీడిష్‌లో అన్నాను. ఇంట్లో అది రెండు ముక్కలు స్వీడిష్ మాట్లాడితే ఊరుకోని దాన్ని, నలుగురిలో తిట్టాల్సి వచ్చేసరికి ఆ నలుగురికీ అర్థమయ్యే భాషలో తిట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టనిది ముందు ఈ విషయానికే. నా కోపం పిల్ల కోసమా, చూస్తున్నవాళ్ళ కోసమా?

అసలు మావు సంగతి చెప్పాలి. స్వీడన్‌లో మేముండే స్మోలాండ్‌లో ఆగస్టు వచ్చిందంటే క్రేఫిష్ విందులు. సోంపు ఆకులా కనిపించే డిల్ పూల గుత్తులు వేసి, ఉప్పునీళ్ళలో ఉడికించి, చల్లారాక కాగితం టోపీలు పెట్టుకుని తింటారు. చూడ్డానికి మన రొయ్యకి పీత డెక్కలు అతికించినట్టు ఉంటుంది. పట్టడానికి ప్లాస్టిక్ బుట్టలు అంగట్లో చవగ్గా దొరుకుతాయి. నేనే వద్దన్నాను. మాది ఉప్పుటేరు ఒడ్డు ఊరు, కొల్లేటి నీళ్ళు సముద్రంలోకి పోయే దారి. మా నాన్న వెదురు బద్దలతో మావులు అల్లి కాలవలో పెట్టేవారు. నా కూతురికి ఆ పని చేతుల్లోంచి అందాలనిపించింది. భాష సగమే వచ్చింది, పండగలు ఫోటోల్లోకి పోయాయి, కనీసం ఇదైనా అనుకున్నాను.

వెదురు కోసం తిరిగితే మొక్కలకి ఊతంగా పెట్టే సన్న కర్రలు తప్ప ఇంకేమీ దొరకలేదు. చీలిస్తే విరిగిపోయాయి. పక్కింటి పెద్దాయన తన షెడ్డులోంచి స్ప్రూస్ చెక్క బద్దలు ఇచ్చి, ఆయన చిన్నప్పటి పెట్టె బుట్ట ఒకటి చూపించారు. మా అమ్మాయి ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంది. తాతగారూ అనవే అంటే, “అలా పిలిస్తే ఆయన ముసలాణ్ణి అనుకుంటారమ్మా” అంటుంది.

చెయ్యబోతే కాని తెలియలేదు, క్రేఫిష్ బుట్టకి లెక్క వేరని. చేప ఈదుకుంటూ దూరుతుంది. క్రేఫిష్ అడుగున నడుస్తుంది, గోడలు పట్టుకుని పాకుతుంది. అందుకని రెండు కొసలా గరాటు పెట్టి, ఆ గరాటు లోపలి మూతి ఏ గోడకీ తగలకుండా పెట్టె మధ్యలో గాలిలో నిలిచేలా చెయ్యాలి. లోపలికి వచ్చింది గోడల వెంటే తిరుగుతుంది, మధ్యలో ఉన్న దారి దానికి దొరకదు. నా మొదటి మావులో గరాటు పొట్టిగా పెట్టాను. గరుకు చెక్క మీద దాని కాళ్ళకి పట్టు బాగా దొరుకుతుంది. తెల్లారి చూస్తే ఎర సగం తిని ఉంది కాని, తిన్నవేవీ లోపల లేవు. రెండోసారి మూతికి నున్నటి తగరపు పట్టీ కట్టాను. బద్దల మధ్య వేలు దూరేంత సందు వదిలితే పిల్లలు బయటికి పోతాయి. చెక్క తేలుతుంది కాబట్టి అడుగున రెండు రాళ్ళు కట్టాలి. ఈ చివరి సంగతి మా అమ్మాయి కనిపెట్టింది. రాళ్ళు ఏరి తెచ్చి, తాడు ముడి కూడా తనే వేసింది.

శుక్రవారం రాత్రి పెద్దాయన తమ్ముడి చెరువులో వేశాం. శనివారం పొద్దున్నే తీస్తే పదకొండు పడ్డాయి. మొదటిదాన్ని నేనే వీపు పట్టుకుని పైకెత్తాను. అది డెక్కలు చాచింది. ఒక్కో డెక్క మడత దగ్గర, సున్నం బొట్టు పెట్టినట్టు, తెల్లటి మచ్చ. నా చెయ్యి దానంతటదే వదిలేసింది. పడవ అడుగున టప్‌మని పడింది.

“భయపడకమ్మా, దాని గుర్తే అది. అందుకే దాన్ని సిగ్నల్ క్రేఫిష్ అంటారు, రైలుకి జెండా ఊపినట్టు” అంది మా అమ్మాయి. స్కూల్లో చెప్పారట. ఇది ఇక్కడి జాతి కాదు. ఇక్కడి జాతికి 1907లో ఫిన్లాండ్ నుంచి తెచ్చిన క్రేఫిష్‌తో తెగులు వచ్చింది. స్టాక్‌హోమ్ దగ్గర మేలారెన్ సరస్సులో మొదలై, చెరువు తర్వాత చెరువు ఖాళీ అయింది. 1960లలో అమెరికా పడమటి వైపు నుంచి ఈ సిగ్నల్ జాతిని తెచ్చి వదిలారు. ఇది మామూలుగా ఆ తెగులుతో చావదు, కాని దాన్ని మోస్తుంది. దీన్ని పెంచిన నీళ్ళలో పాత జాతి బతకదు. బుట్ట తడిగా ఉంటే చాలు, కంటికి కనిపించని బీజాలు ఇంకో చెరువుకి వెళ్ళిపోతాయి. ఇదంతా అది తెలుగులోనే చెప్పడానికి ప్రయత్నించింది. మధ్యలో రెండు చోట్ల తప్పు మాట పడితే నేను దిద్దాను కూడా. దిద్దుతూ అసలు మాట వినలేదు.

నా చెయ్యి ఎందుకు వదిలేసిందో మా అమ్మాయికి చెప్పలేదు.

1995లో నాకు పదేళ్ళు. టైగర్ రొయ్యల మీద మా ఊరంతా అప్పులు తెచ్చి చెరువులు తవ్వింది. నాన్నది రెండెకరాలు, కౌలుకి. ఒకరోజు రొయ్యలు మేత మానేసి గట్టుకి చేరాయి. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూస్తే పెంకుల మీద తెల్లటి మచ్చలు. వైట్ స్పాట్ తెగులు. అంతకుముందు ఏడాది నుంచే కోస్తా పొడుగునా చెరువులు ఇలాగే పోతున్నాయి. వారంలో అంతా పోయింది. ఆ రాత్రి నాన్న తూము తలుపు ఎత్తి నీళ్ళు కాలవలోకి వదిలేశారు. కింద ఉన్న వాళ్ళంతా ఆ కాలవ నీళ్ళే తోడుకునేవారు. ఆయన ఒక్కరే కాదు, అందరూ అలాగే చేశారు. నాన్నకి వెలుతురు కోసం టార్చిలైటు పట్టుకున్నది నేను. అలా వదలొచ్చా అని అడగాలనిపించింది. అడగలేదు. ఎదురు చెప్పకూడదు కదా.

ఇప్పుడు మా వైపు చెరువుల్లో ఎక్కువగా వనామీ. అదీ అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు రొయ్యే. 2009లో పెంచుకోవడానికి అనుమతి ఇచ్చాక టైగర్ వెనకపడిపోయింది. ఇక్కడా అక్కడా ఒకే కథ నడిచిందని ఆ పడవలో కూర్చున్నప్పుడు నాకు తట్టనే లేదు.

అదే శనివారం సాయంత్రం మావారి ఆఫీసు స్నేహితులు వాళ్ళ చెరువుకి రమ్మన్నారు. అక్కడ ఇంకా పాత జాతి మిగిలి ఉందని వాళ్ళకి గొప్ప. నేను మావుని కారు డిక్కీలో వేసుకుని వెళ్ళిపోయాను. చేత్తో చేసింది, అందరికీ చూపించాలి. పైకి పొడిగానే కనిపించింది. ప్లాస్టిక్ అయితే ఎండలో త్వరగా ఆరేది. చెక్క పీల్చుకున్న తడి, అందులోనూ మేకులు దిగిన చోట, బద్ద బద్దకి ఆనుకున్న చోట, అలాగే ఉండిపోతుంది. నేను పట్టుబట్టి చెక్కతో చేసినందుకే అది ఆరలేదు. మా అమ్మాయి మావు తలుపు కీలు సందులోకి టిష్యూ కాగితం దూర్చి, బయటికి తీసి చూపించింది. తడిసి ఉంది. అప్పటికీ నేను “ఏం కాదులే” అన్నాను. అప్పుడే దాని మీద ఎక్కి కూర్చుంది.

ఆ ఇంటావిడ వచ్చి, పిల్ల తల నిమిరి, “మేము అడగాల్సిన మాట నువ్వు అడిగావు” అంది. నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా అపార్ట్‌మెంట్లో కొత్తగా వచ్చిన తెలుగు అమ్మలు నన్ను సలహాలు అడుగుతుంటారు. పెద్దవాళ్ళంటే గౌరవం నేర్పండి, ఇక్కడి పిల్లల్లా మాటకి మాట అననివ్వకండి అని నేనే చెప్పాను వాళ్ళకి. మా అమ్మాయికే ఇంకోరోజు, తప్పు అనిపిస్తే టీచరు ముందైనా చెప్పు అని కూడా చెప్పాను. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పినప్పుడు ఏది వినాలో పిల్లకి ఎలా తెలుస్తుంది? అది రెండోది విన్నది. నేనైతే మొదటిదే వినాలని కోరుకున్నాను, నేను పదేళ్ళప్పుడు విన్నట్టు. ఇంకెవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తోచడం లేదు.

వారం తర్వాత నాన్నతో వీడియో కాల్. మావు బాల్కనీలో ఎండకి వేలాడుతోంది. నాన్న ముచ్చటగా చూసి, ఎన్ని పడ్డాయి, గరాటు ఎవరు కట్టారు అని అడుగుతున్నారు. మా అమ్మాయి అన్నీ చెప్పింది, తెగులు సంగతితో సహా. నేను చెప్పొద్దని సైగ చేశాను, చూడలేదు. టైగర్ రొయ్యలు పోయాయని అమ్మమ్మ ఎప్పుడో చెప్పిందట. తటాలున అడిగింది.

“తాతయ్యా, మీ రొయ్యలకి జబ్బు వచ్చినప్పుడు ఆ చెరువు నీళ్ళు ఎక్కడికి వెళ్ళాయి?”

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఫోన్ అందుకోబోయాను.

“కాలవలోకి వదిలేశాను తల్లీ” అన్నారు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే, “ఫోన్ కొంచెం దగ్గరగా పెట్టు. ఆ తలుపు కీలు దగ్గర... ఆఁ, అక్కడే. అక్కడ ఇంకా తడి ఉంటది. ఇంకో నాలుగు రోజులు ఎండనియ్యి” అన్నారు.

అది లేచి వెళ్ళి టిష్యూ కాగితం తెచ్చుకుంది.