గెంట్ కోట నుంచి లీల్ దాకా: ఫ్లాండర్స్‌ని ఏలిన జోన్

బెల్జియంలోని గెంట్‌లో గ్రావెన్‌స్టేన్ కోట చూసి బయటికొచ్చేసరికి చిరాగ్గా ఉంది. టికెట్ మన డబ్బుల్లో వెయ్యి దాటింది, అది పోనీ. ఎటు చూసినా కత్తులు, కవచాలు, మగవాళ్ల పేర్లే. 1180లో కోట కట్టించిన ఫిలిప్‌, ఫ్రాంకుల రాజు కూతుర్ని లేవదీసుకుపోయి పెళ్లాడిన మొదటి కౌంట్ (పాలకుడు) బాల్డ్విన్... కానీ గెంట్, లీల్ ఉన్న ఈ ఫ్లాండర్స్ ప్రాంతం ఒక వంశం చేతిలోంచి ఇంకో వంశానికి వెళ్లింది ఎక్కువగా ఆడపిల్లల ద్వారానే. ఫిలిప్‌కి వారసులు లేక చెల్లెలు మార్గరెట్ ద్వారా పక్కనున్న హైనాల్ట్ వాళ్లకి, 1384లో ఇంకో మార్గరెట్ ద్వారా ఫ్రాన్స్‌లోని బర్గండీ పాలకులకి, ఆ వంశపు మేరీ ద్వారా ఆస్ట్రియా హాబ్స్‌బర్గులకి.

కోర్ట్రైక్ మీదుగా ఫ్రాన్స్‌లోని లీల్ వెళ్లే రైల్లో పక్కసీటు పెద్దావిడతో ఇదే అన్నాను. "అయితే లీల్‌లో జోన్ ఆసుపత్రి చూడండి" అని దారంతా ఆమె కథే చెప్పింది.

జోన్ తండ్రి, ఫ్లాండర్స్ కౌంట్ అయిన ఇంకో బాల్డ్విన్, 1204లో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) చక్రవర్తి అయ్యాడు. మరుసటి ఏడాదే బల్గేరియన్లకు చిక్కి, మళ్లీ తిరిగి రాలేదు. పసిపిల్ల జోన్ ఫ్లాండర్స్ కౌంటెస్ (పాలకురాలు) అయింది. 1214లో బూవీన్ యుద్ధంలో భర్త ఫెర్రాన్ ఫ్రెంచి రాజుకి బందీ అయ్యాడు. 1227 దాకా వదల్లేదు. ఈలోగా 1225లో ఒక సన్యాసి "నేనే బాల్డ్విన్‌ని" అంటూ బయల్దేరితే ఊళ్లకి ఊళ్లు అతని వెంట నడిచాయి. జోన్ పారిపోవాల్సి వచ్చింది. చివరికి ఫ్రెంచి రాజు పిలిపించి, నీ పెళ్లి ఎక్కడ జరిగిందని అడిగితే నీళ్లు నమిలాడట. లీల్‌లో ఉరి తీశారు. అయినా కన్నతండ్రినే చంపించిందన్న నింద ఆమెను వదల్లేదు. నాకు చాలా బాధేసింది.

1237లో ఆమె పెట్టిన ఆసుపత్రే హోస్పీస్ కోంతెస్, ఇప్పుడు మ్యూజియం. ఇప్పుడున్న కట్టడాలు తర్వాతి కాలానివి. రోగుల్ని ఉంచిన పొడవాటి హాలు, తిరగేసిన పడవలాంటి చెక్క పైకప్పు, నీలి పలకల వంటిల్లు. కోటలో కంటే ఇక్కడే ఎక్కువసేపున్నాను.

1244లో జోన్ పోయాక చెల్లెలు మార్గరెట్ 1278 దాకా ఏలింది. ఆమె చివరి ఏళ్లలో ఓరుగల్లులో మన రుద్రమదేవి గద్దె మీదుంది. రుద్రమ మీదా అంబదేవుడి లాంటి సామంతులు తిరగబడ్డారు. ఆమె పేరు మనకి చిన్నప్పుడే బళ్లో చెబుతారు. జోన్ గురించి మాత్రం గెంట్ కోటలో నా కంట ఒక్క ముక్కా పడలేదు.

గెంట్ వెళ్లేవాళ్లు లీల్‌కి ఒక పూట ఉంచుకోండి. మ్యూజియం పాతూళ్లో ఉంది, స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు.