టికెట్టు లేని వాషింగ్టన్

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పిల్లలతో, అత్తగారితో కలిసి తిరిగినప్పుడు, డబ్బు మిగలడం కన్నా నాకు ఎక్కువ నచ్చింది ఎక్కడి నుంచైనా అనుకున్న క్షణాన లేచి వచ్చేయగలిగే వెసులుబాటు. టికెట్టు కొన్న చోట, పెట్టిన డబ్బు గిట్టుబాటు కావాలని, కాళ్ళు లాగుతున్న పిల్లలను చివరి గది దాకా లాక్కుపోతాం. ప్రవేశ రుసుము లేని స్మిత్‌సోనియన్ మ్యూజియాలలో ఆ పంతం అక్కరలేదు. జేమ్స్ స్మిత్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు, తాను ఏనాడూ అడుగుపెట్టని దేశంలో విజ్ఞానాన్ని పెంచి పంచే సంస్థ కోసం రాసిపెట్టిన ఆస్తితో 1846లో స్మిత్‌సోనియన్ ఏర్పడింది.

సహజ చరిత్ర మ్యూజియంలో మా చిన్నవాడు డైనోసార్ల అస్థిపంజరాలను వదలలేదు. మిగిలినవాళ్ళం హోప్ వజ్రం ఉన్న గదికి వెళ్ళాం. 45.52 కారట్ల ఆ నీలి వజ్రం కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని భావిస్తారు. తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు మన దేశంలో కొన్న పెద్ద నీలి వజ్రాన్ని 1668లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీకి అమ్మగా, ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792లో, అది దొంగల పాలై, మళ్ళీ చెక్కిన రూపంలో పలువురి చేతులు మారింది. చివరికి హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి 1958లో దానిని మ్యూజియానికి విరాళంగా ఇస్తూ మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. మా అత్తగారిది సత్తెనపల్లి వైపు. ఇదంతా విని ఆవిడ, “మన పులిచింతల కింద మునిగిన కొల్లూరేనా అల్లుడుగారూ?” అని అడిగి, అద్దాల పెట్టె ముందు నుంచి చాలాసేపు కదలలేదు. మ్యూజియంలోని తిండి మాత్రం ఉచితం కాదు సరికదా, నలుగురు తింటే జేబుకు బాగానే తెలుస్తుంది కనుక, మేము పులిహోర కట్టుకుని వెళ్ళి బయటి పచ్చికలో తిన్నాం.

అంతరిక్ష మ్యూజియానికి రుసుము లేకపోయినా, సమయం నిర్ణయించిన పాసులను ముందుగా తీసుకోవలసి వచ్చింది. రైట్ సోదరులు 1903లో ఎగిరిన విమానాన్ని, అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి నుంచి తిరిగివచ్చిన కొలంబియా నౌకను చూసి, పిల్లలు అలసిపోకముందే బయటపడ్డాం.

పార్లమెంటు భవనం నుంచి లింకన్ స్మారకం దాకా సుమారు 2 మైళ్ళు. ఎండలో పెద్దవాళ్ళతో ఆ దూరం నడవడం తెలివైన పని కాదు. స్మారకం రాత్రింబగళ్ళు తెరిచే ఉంటుంది కాబట్టి పొద్దువాలాక వెళ్ళాం. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన మెట్టు మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా అమ్మాయి అక్కడే నిలబడి, బడిలో నేర్చుకున్న నాలుగు వాక్యాలు అప్పజెప్పింది. దగ్గరలోనే ఉన్న వియత్నాం యుద్ధ స్మారకపు నల్లరాతి గోడ మీద 58,000కు పైగా పేర్లు ఉన్నాయి. ఎవరో ఒక పేరు మీద కాగితం ఉంచి పెన్సిలుతో రుద్దుకుంటుంటే, పిల్లలు మొదటిసారిగా అల్లరి మానేసి చూశారు.

జాతీయ జంతుప్రదర్శనశాల కూడా ఉచితమే, కానీ కారు నిలపడానికి డబ్బు కట్టాలి. మెట్రోలో వెళ్ళేవారు, పేరుతో పాటు ఉన్న ‘జూ’ అన్న మాట చూసి వుడ్లీ పార్క్ స్టేషనులో దిగితే ఎత్తు ఎక్కవలసి వస్తుంది. క్లీవ్‌లాండ్ పార్క్‌లో దిగితే దాదాపు చదును దారి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారి కోసం మేము క్లీవ్‌లాండ్ పార్క్‌లో దిగి, పాండాలను చూసుకుని, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పల్లపు దారిలో వుడ్లీ పార్క్‌కు నడిచాం.